వేట ఆపేశాం

పోయినవారం నీలిమను కంచరపాలెం నెట్ సెంటర్లో, కొలంబో నుంచి వచ్చిన జవాబు ముందు కూచోబెట్టి వదిలేశాం. ఆ జవాబులో ఏముందో చెప్పకుండా ఆపేసినందుకు కొందరు పాఠకులు నన్ను తిట్టుకునే ఉంటారు. తప్పదు. కథ ఇప్పుడే అందుకున్నవాళ్ళ కోసం వెనకటి సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేసి, జవాబు దగ్గరికే వస్తాను.

డిసెంబరు ఆఖర్లో సముద్రం లేచి దేశదేశాల తీరాలను ఊడ్చేసింది కదా. విశాఖ జాలరిపేటలో ప్రాణాలు పోలేదు. కానీ ఏ తీరాన పోయినా పోయినవాళ్ళు గంగమ్మ బిడ్డలేనని, పేట ఆనవాయితీ ప్రకారం పడవలన్నిటినీ ఇసుక మీదికి లాగేశారు. సముద్రం మనుషుల్ని తీసుకున్నప్పుడు కులపెద్దలు పసుపునీళ్ళు పోసి గంగమ్మను చల్లబరిచేదాకా అక్కడ వేట ఉండదు. చేపలు పట్టడాన్ని వాళ్ళు వేట అనే అంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ళో ఒక ఈమెయిలు బయల్దేరింది. చేపలు శవాలను తింటున్నాయనీ, ఆ చేపలు తిన్నవాళ్ళు ఆస్పత్రుల పాలవుతున్నారనీ, మీ వాళ్ళందరికీ వెంటనే పంపమనీ. ఎవరు రాశారో లేదు, ఏ ఆస్పత్రో లేదు. అయితేనేం, ఇంగ్లీషులో ఉంది, కంప్యూటర్లో వచ్చింది, ఇంకేం కావాలి? ఆఫీసుల్లో ప్రింటు తీసి గోడలకు అంటించారు. సెల్‌ఫోన్లున్నవాళ్ళు మెసేజీలు కొట్టుకున్నారు.

అది చదివి ఊరుకోలేకపోయింది నీలిమ. పేటలో పడవ నడిపే తవిటయ్య కూతురు, డిగ్రీ దాకా చదివిన పిల్ల, కంచరపాలెంలో దేవీప్రసాద్ నడిపే నెట్ సెంటర్లో పనిచేస్తోంది. కూచుని పేజీ నిండా ఇంగ్లీషులో జవాబు రాసింది. మా పేటలో వేట ఆపేశాం, అది మా ఆచారం, పోయినవాళ్ళకు మేమిచ్చే మర్యాద, చేపలకు ఏ రోగమూ లేదు, పసుపునీళ్ళయ్యాక మా పిల్లలకు మేమే మొదట వండి పెడతాం, కావాలంటే వచ్చి మాతో పాటు తినండి అని. ఆ జవాబు ఊరి మీదికి వెళ్ళింది. కానీ వెళ్ళింది రెండే రెండు వాక్యాలు. 'అల వచ్చినప్పటి నుంచీ జాలరిపేట మత్స్యకారులం వేట ఆపేశాం. మా రేవు నుంచి ఒక్క చేప కూడా ఊళ్ళోకి రావడం లేదు.' కింద ఆమె పేరు.

చేపలు పట్టేవాళ్ళే భయపడి మానేశారంటే ఇక మనమెంత అనుకుంది ఊరు. లోకల్ కేబుల్ చానెల్ వాళ్ళు ఆమె పేరుతో సహా చదివి వినిపించారు. పసుపునీళ్ళు పోసి పడవలు మళ్ళీ నీళ్ళల్లోకి దిగాయి. చేపలు వచ్చాయి, కొనేవాళ్ళు రాలేదు. అధికార్లు బీచిలో షామియానా వేయించి కెమెరాల ముందు చేపలు వేయించుకుని తిన్నారు. అవి చెరువు చేపలంట అని మర్నాటికల్లా ఇంకో మెసేజి. నీలిమ తల్లి పోతమ్మ, పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ స్టీల్‌ప్లాంటు క్వార్టర్సులో చేపలమ్మే మనిషి, నిండు గంపతో వెళ్ళి నిండు గంపతో తిరిగొచ్చింది. ఆమె ఖాతా ఇంటి కామేశ్వరిగారు తలుపు సగమే తీసి, "ఏమనుకోకు పోతమ్మా, మీ పేట పిల్లే చెప్పిందటగా, పిల్లలున్న ఇల్లు" అందట. ఆ పిల్ల తన కూతురేనని చెప్పలేక ఆ తల్లి గంప ఎత్తుకుని వచ్చేసింది.

పేట ఊరుకుంటుందా? కులపెద్ద గవర్రాజు కబురు పెట్టాడు. ఈ సాయంత్రం తవిటయ్య కుటుంబం రేవులో నిలబడి జవాబు చెప్పుకోవాలి. తప్పు తేలితే వెలి. వెలి అంటే మన లెక్కలో పెళ్ళికి పిలవకపోవడం, పలకరించకపోవడం. జాలరిపేట లెక్క వేరు. అక్కడ అలల మీంచి పడవను దాటించాలంటే పక్క పడవలవాళ్ళ భుజాలు కావాలి. వెలివేసినవాడి పడవకు ఎవరూ భుజం ఆనించరు. ఒంటి మనిషి ఎంత గింజుకున్నా అది ఇసుక మీంచి కదలదు. తవిటయ్యకు వేట తప్ప మరో పని తెలియదు.

ఇదీ ఇప్పటిదాకా జరిగింది. ఇక కొలంబో జవాబు.

అక్కడొక కాలేజీలో పాఠాలు చెప్పే ఆవిడ, అల తర్వాత పుట్టిన పుకార్లన్నీ ఏరి, ఒక్కొక్కదాని పక్కనా నిజం రాసి ఒక వెబ్‌సైట్లో పెడుతోంది. ఇండోనేషియా నుంచీ, నాగపట్నం నుంచీ, ఇంకా ఎక్కడెక్కడి నుంచో మనుషులు ఆమెకు సాయం చేస్తున్నారు. చేపల పుకారు అన్ని తీరాల్లోనూ తిరుగుతోందట. విశాఖ ఒక్కటే కాదని తెలిసి నీలిమకు పోయినవారమంతా అదో ధైర్యంగా ఉండేది. తన కథంతా రాసి, నా ఉత్తరాన్ని ఎవరు కోశారో ఎలా తెలుస్తుందని అడిగింది. ఆవిడ రాసిన జవాబు తెలుగులో చెప్పుకుంటే ఇదీ.

'అమ్మా, మీ పేరుతో మాకు వేర్వేరు ఊళ్ళ నుంచి చాలా కాపీలు వచ్చాయి. అన్నిటిలోనూ అవే రెండు వాక్యాలు, ఒక్క అక్షరం తేడా లేదు. దారిలో తలా ఒక చెయ్యి వేసి ఉంటే ఒక్కో కాపీ ఒక్కోలా ఉండేది. కోసింది ఒకరే, అదీ మొట్టమొదట్లోనే. మీరు ఉత్తరం మొదట ఎవరి చేతికి ఇచ్చారో గుర్తు చేసుకోండి.'

గుర్తు చేసుకోవడానికి ఏముంది? ఆమె ఇచ్చింది ఒక్కరికే. ఆ ఒక్కరూ ఇప్పుడు అదే గదిలో, వాకిలి దగ్గర కౌంటరు వెనక కూచుని టీ తాగుతున్నారు.

ప్లైవుడ్ అరల మధ్య నుంచి ఆయన వీపు కనిపిస్తోంది. దేవీప్రసాద్ పద్మనాభం ఊరి వైపు రైతు బిడ్డ. డిగ్రీ సర్టిఫికెట్ పట్టుకుని గడప గడపా తొక్కిన రోజుల్లో జాలరి పిల్ల అని తెలిసీ పిలిచి పనిచ్చినవాడు. ఆ ఉత్తరం రాయమని వెంటపడిందీ ఆయనే. రాశాక, "మన సెంటరుకొచ్చే కస్టమర్ల అడ్రసులన్నీ నా దగ్గరున్నాయి, అందరికీ నాను పంపుతాను, నువ్వెల్లు" అని ఇంటికి పంపిందీ ఆయనే. వెలి మాట తెలిసిన నాటి నుంచి ఆమె కంటే ఎక్కువగా బాధపడిపోతున్నాడు కూడా. అలాంటి మనిషిని అనుమానించడానికి ఆమెకు సిగ్గేసింది. సిగ్గేసినా లేచి వెళ్ళింది.

"అన్నా, సెంటరు మెయిలు ఒకపాలి తెరువు. పంపినవి సూడాలి."

దేవీప్రసాద్ టీ గ్లాసు కింద పెట్టాడు. ఎందుకని అడగలేదు. ఆ అడక్కపోవడంతోనే ఆమెకు సగం తెలిసిపోయింది.

"నాను తెరవక్కర్లేదు నీలిమా," అన్నాడు. "నానే కోసినాను."

బయట గూడ్సు బండి వెళుతోంది. మాట్లాడినా వినిపించదు. కంచరపాలెంలో ఉన్నవాళ్ళకు అది అలవాటే.

"ఎందుకన్నా?" అంది చివరికి. కోపం రావలసిన చోట ఏడుపు వచ్చింది.

"పేజీడు ఇంగిలీసు ఎవులు సదువుతారమ్మా? రోజూ సూత్తన్నాను కదా ఈడ. రెండు లైన్లు దాటితే నొక్కీసి ముందుకెల్లిపోతారు. అందుకే ముక్కెమైన ముక్క ఉంచుదామనుకున్నాను. మీ పేటోల్లు వేటే ఆపీసినారు, ఒక్క సేపా ఊల్లోకి రావట్లేదు. రాని సేపకి రోగమేటి? అది సదివితే జనం నిమ్మలిత్తారనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, అదే అనుకున్నాను."

ఆ లెక్క నీలిమకు అర్థమైంది. ఆయన కుర్చీలో కూచుని, ఆయన కళ్ళతో చదివితే, ఆ రెండు వాక్యాలూ నిజంగానే ధైర్యం చెబుతాయి. చేపే లేనప్పుడు చేపకు భయపడడమెందుకు? చదివే జనం ఆయన కుర్చీలో కూచుని లేరు, అదొక్కటే వచ్చిన చిక్కు. ముందే భయపడి ఉన్నవాడు చదివితే అదే మాట కత్తి అయి కూచుంది.

"మరి తెలిసినాక ఎందుకు సెప్పలేదు? మా యమ్మ రోజూ గంప దించకుండా ఒచ్చేత్తంటే, నా పేరు టీవీలో ఏసి తిడతంటే, నువ్వూ నా పక్కన కూకుని 'ఎవులు సేసినారో ఎదవ' అన్నావు కదన్నా?"

"అన్నాను." దేవీప్రసాద్ తల ఎత్తలేదు. "సెప్దామనే అనుకున్నాను. ఈలోగా పోలీసోల్లు పేపర్లో ఏసినారు కదా, పుకార్లు పంపినోల్లని లోపలేత్తామని. మొన్న ఇద్దరొచ్చి సెంటరంతా సూసి ఎల్లినారు కూడాను. పక్కూల్లో ఎవులో నెట్టు కొట్టోడిని పట్టుకెల్లి కొట్టినారంట. శ్రీసత్యకి తెలిస్తే గుండాగిపోద్ది. పాపకింకా మాటలే సరిగ్గా రాలేదు."

శ్రీసత్య ఆయన భార్య. మధ్యాహ్నం పూట పాప నిఖితను ఎత్తుకుని క్యారేజీ తెచ్చిస్తుంటుంది. ఆ పిల్ల కీబోర్డు మీద చేతులు బాదుతుంటే నీలిమే ఎన్నోసార్లు ఎత్తుకుని ఆడించింది.

"సాయంత్రం మా పేటకి రా అన్నా," అంది నీలిమ. "ఒచ్చి ఈ మాటే పెద్దల ముందర సెప్పు. కోసింది నువ్వని సెప్పు, ఎందుకు కోసినావో సెప్పు. మా అయ్య పడవ నిలబడిపోద్ది, లేకపోతే. నీకు దండం పెడతాను."

"మీ పేట కుర్రోల్లు నన్ను బతకనిత్తారా?"

"గవర్రాజు మామ ఉంటాడు. ఆయన నాయం మనిషి."

"ఆయనొక్కడు. మిగతా వొందలమందో?" దేవీప్రసాద్ రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. "నాను రాలేను నీలిమా. తిట్టు, కొట్టు, ఇంకెప్పుడూ నా మొకం సూడకు. నాకా ధైర్యం నేదు."

ఆమెకు ఆయన్ని చొక్కా పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. అదే క్షణాన జాలీ వేసింది. ఆ రెండూ ఒకే మనిషి మీద ఒకేసారి కలగడం ఎంత నరకమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. పిరికివాడే, కానీ చెడ్డవాడు కాడు. అతని పేరు పేటలో చెబితే ఈ తేడా ఎవరు చూస్తారు?

తను రాసిన పూర్తి ఉత్తరం ప్రింటు తీసుకుంది. వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి చూడకుండానే అంది.

"నీ పేరు నానెత్తనన్నా. బయపడకు."

అంది గానీ, బస్సులో కూచున్నాక, ఆ మాట ఎందుకిచ్చానా అని దారి పొడుగునా కుమిలిపోయింది.

*

పొద్దు వాలుతుండగా రేవు జనంతో నిండిపోయింది. పడవల మీదా, వలకుప్పల మీదా, ఎక్కడ చోటుంటే అక్కడ ఎక్కి కూచున్నారు. అమ్ముడుపోని చేపలను ఉప్పేసి ఎండబెట్టిన వాసన ఇసుకంతా పరుచుకుంది. ఎండుచేపలు కూడా ఎవరు కొంటారని ఎండబెట్టారో, పారెయ్యడానికి మనసొప్పక అంతే.

ముందు వరసలో గవర్రాజు, ఆయన పక్కన మరి కొందరు పెద్దలు కూచున్నారు. తవిటయ్య ఒక పక్కగా తన పడవ అంచు పట్టుకుని నిలబడ్డాడు. పోతమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూచుంది.

పేట పంచాయితీలో జవాబు చెప్పేవాళ్ళు మోకాటి లోతు నీళ్ళల్లో, సముద్రానికి వీపు పెట్టి నిలబడాలి. గంగమ్మ వెనక నుంచి వింటూ ఉంటుంది, అబద్ధమాడితే కాలు లాగేస్తుందని నమ్మకం. కాగితాలు చెల్లవు, నోటి మాటే చెల్లుతుంది. అందుకని నీలిమ తెచ్చిన ఉత్తరాన్ని గవర్రాజు చేత్తోనే పక్కకు తోశాడు.

"అది మాకు సదవడం రాదమ్మా. నువ్వు సెప్పు. నీల్లల్లోకి దిగు."

నీలిమ దిగింది. జనవరి నీళ్ళు చల్లగా కాళ్ళను పట్టుకున్నాయి. అల వచ్చి వెళ్ళినప్పుడల్లా అరికాళ్ళ కింద ఇసుక జారిపోతోంది. ఎదురుగా పుట్టి పెరిగిన పేటంతా ఉంది. ఒక్క మొహం కూడా తనది కానట్టుంది.

"ఆ మాట నువ్వు రాసినావా నేదా?" అన్నాడు గవర్రాజు.

"రాసినాను మామా. గానీ అదొక్కటే కాదు, శానా రాసినాను. మన ఆచారమని రాసినాను, సేపలకేటీ అవలేదని రాసినాను. అవన్నీ తీసీసి..."

"ఎవులు తీసీసినారు?"

ఇక్కడే మన పిల్ల తడబడింది. ఇచ్చిన మాట అడ్డం పడింది. "తెలీదు" అనేస్తే చాలు. కానీ నీళ్ళల్లో నిలబడి అబద్ధం ఆడడం ఆమె వల్ల కాలేదు. డిగ్రీ చదివినా సరే, పుకార్ల మీద యుద్ధం చేస్తున్నా సరే, గంగమ్మ వింటోందన్న భయం కడుపులో అలాగే ఉంది.

"సెప్పలేను మామా," అంది.

జనంలోంచి గోల లేచింది. చిట్టమ్మ అనే ముసలామె, పోతమ్మతో పాటు జీవితమంతా గంప మోసిన మనిషి, లేచి నిలబడి గుండెలు బాదుకుంది.

"సెప్పలేవేటే? ఎవులిని దాత్తన్నావు? నా మనవడికి ఈ వారం కూడు నేదే! సముద్రం తీసుకెల్లినా ఓ పూటలో పోదుం, నీ సదువు మమ్మల్ని రోజూ సంపుతన్నాది కదే!"

ఆ మాటకు నీలిమ కళ్ళు మూసుకుంది. ఆ ముసలామె ఒళ్ళో కూచుని చిన్నప్పుడు ఎన్ని చేపముక్కలు తిందో.

గవర్రాజు చెయ్యెత్తి గోల ఆపాడు. కఠినమైన మనిషి కాడు. కానీ ఆకలిగా ఉన్న జనం ఎదురుగా కూచున్నప్పుడు మెత్తగా ఉండడం ఎవరి తరమూ కాదు.

"తవిటయ్యా," అన్నాడు. "పిల్ల సెప్పనంతన్నాది. ఎవులో సేసినారంతది, ఎవులో సెప్పదు. మరి మేమేటి సెయ్యాలి? రేపట్నుంచి నీ పడవకి ఎవులూ బుజం పట్టరు. నీ గంప పక్కన ఎవులూ గంప పెట్టరు. ఒప్పుకుంతన్నావా?"

తవిటయ్య జీవితంలో పంచాయితీకి ఎదురు చెప్పినవాడు కాడు. కూతురి వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అదే ఆమెను కాల్చేసింది. తర్వాత పడవ అంచు మీంచి చెయ్యి తీసేశాడు. ఆచారం ప్రకారం వెలిని ఒప్పుకున్నవాడు తన తెడ్డును పెద్దల ముందు ఇసుకలో గుచ్చాలి. ఆయన పడవలోకి వంగి తెడ్డు అందుకున్నాడు. పోతమ్మ "అయ్యో, ఒద్దురా దేవుడా" అని ఇసుక మీద పడిపోయింది.

"ఆగయ్యా!" నీలిమ నీళ్ళల్లోంచే అరిచింది. "ఆగు, నాను సెప్తాను. అంతా సెప్తాను."

చెప్పింది. ఈసారి ఒక్క ముక్క దాచలేదు. కంచరపాలెం దేవీప్రసాద్ కోశాడని చెప్పింది. మంచికే కోశాననుకున్నాడని చెప్పింది. రాని చేపకి రోగమేమిటని జనం ధైర్యపడతారనుకున్నాడని, తీరా ఎదురు తిరిగాక పోలీసుల భయానికి నోరు మూసుకున్నాడని, పెళ్ళాం బిడ్డ ఉన్నవాడని, తనకు పనిచ్చి అన్నం పెట్టినవాడని, అంతా చెప్పింది. కొలంబోలోనూ, నాగపట్నంలోనూ ఇదే పుకారుతో మనలాంటివాళ్ళే చస్తున్నారని, దాని మీద పోరాడుతున్నవాళ్ళున్నారని, దేవీప్రసాద్ అన్న వచ్చి తన నోటితో చెబితే అదే కేబుల్ చానెల్లో పూర్తి ఉత్తరం చదివించవచ్చని, అతను మనకు కావలసిన మనిషి తప్ప శత్రువు కాడని చెప్పింది. చెబుతున్నంతసేపూ అలల హోరు మీదుగా గొంతు పెంచుతూనే ఉంది.

ముందు వరసలో ఉన్నవాళ్ళు పూర్తిగా విన్నారు. గవర్రాజు గడ్డం నిమురుకుంటూ తల ఊపాడు. "తప్పే గానీ, కుట్ర కాదన్నమాట," అన్నాడు పక్కాయనతో. తవిటయ్య తెడ్డు పట్టుకుని నిలబడిపోయాడు. నీలిమకు ఆ కాసేపు ఊపిరి ఆడింది.

కానీ రేవంటే ముందు వరస ఒక్కటే కాదు కదా. వెనకవాళ్ళకు అలల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. "ఏటంతన్నాది? ఏటంతన్నాది?" అని ముందువాళ్ళ వీపులు తడుతున్నారు. ముందువాళ్ళు తల తిప్పి, ఒక పక్క వింటూనే, తోచిన ముక్క వెనక్కి అందించారు.

"నెట్టు కొట్టు దేవీపెసాదు పొట్టిగా సేసి పంపినాడంట, తెలీక."

"కంచరపాలెం దేవీపెసాదు పంపినాడంట."

"దేవీపెసాదంట. తెలిసీ ఇన్నాల్లూ దాసినాడంట."

పడవలు దాటి, వలకుప్పలు దాటి, రోడ్డు అంచున సైకిళ్ళ మీద ఆనుకుని నిలబడిన కుర్రకారు దగ్గరికి చేరేసరికి, అందులో నీలిమ చెప్పినదల్లా రాలిపోయి పేరొక్కటే మిగిలింది. మిగిలిన ఖాళీని ఎవరికి వారు నింపుకున్నారు. ఎవడో డబ్బు తీసుకుని చేశాడన్నాడు. ఇంకెవడో కోళ్ళ వ్యాపారస్తులు చేయించారన్నాడు. నీళ్ళల్లోంచి నీలిమకు ఆ మాటలు వినపడలేదు. ఆమెకు కనిపించింది మాత్రం ఒకటే. వెనక వరసలు లేచి నిలబడుతున్నాయి. చేతుల్లోకి తెడ్లు వస్తున్నాయి.

ఏం జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఉత్తరానికి జరిగిందే తన మాటకూ జరిగింది. ఈసారి కోయడానికి కంప్యూటరు కూడా అక్కర్లేకపోయింది.

"మామా, ఆపు ఆల్లని!" అని అరిచింది.

గవర్రాజు లేచాడు, చేతులెత్తాడు, అరిచాడు. ముందు వరస ఆగింది. వెనక వరస ఆయన వైపు చూడనే లేదు. ఎవరో ఐసు లారీ స్టార్టు చేశారు. కుర్రాళ్ళు దాని మీదికి ఎగబాకుతున్నారు. కొన్ని రోజులుగా ఎవరి మీద చూపించాలో తెలియని కోపం వాళ్ళది, ఇప్పుడు దానికో చిరునామా దొరికింది. ఆ చిరునామా ఇచ్చింది తనే. పేరెత్తనని మాటిచ్చిన నోటితోనే ఇచ్చింది.

నీలిమ నీళ్ళల్లోంచి బయటపడి పరిగెత్తింది. తడి లంగా కాళ్ళకు చుట్టుకుంటోంది. రోడ్డు మీద ఎస్టీడీ బూత్ ఉంది, లారీ కంచరపాలెం చేరేలోగా ఒక్క ఫోను చేస్తే చాలు, షట్టరు దించుకుని పెళ్ళాం బిడ్డలతో ఎటైనా పొమ్మని చెప్పొచ్చు. ఎవరో జబ్బ పట్టుకుని ఆపబోయారు, విదిలించుకుంది. పడింది, లేచింది. మోచేయి గీరుకుపోయిన సంగతి కూడా తెలియలేదు.

వలకుప్పలు దాటి రోడ్డెక్కేసరికి లారీ ఇంకా కదలలేదు. జనం దారికి అడ్డంగా ఉన్నారు. వాళ్ళ తలల మీదుగా బీచి రోడ్డు వైపు చూసింది.

పాత స్కూటరొకటి మెల్లగా పేట సందులోకి తిరుగుతోంది.

నడుపుతున్నది దేవీప్రసాద్. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, పంచాయితీలో పెద్దల ముందు నిలబడడానికి వచ్చే మనిషి ఎలా వస్తాడో అలా. వెనక శ్రీసత్య ఒళ్ళో స్టీలు క్యారేజీ పెట్టుకుని కూచుంది. ముందు, హ్యాండిల్ పట్టుకుని నిలబడి, పాప నిఖిత. ఆయన రాలేనన్నాడు. వచ్చాడు. భార్యతో అంతా చెప్పుకుని, 'వచ్చి మాతో పాటు తినండి' అని ఉత్తరంలో ఉన్న మాట పట్టుకుని, ఇంటిల్లిపాదీ జాలరిపేటలో కూచుని అందరి ముందూ చేపలు తినడానికి వచ్చాడని ఆ క్యారేజీ చూడగానే నీలిమకు తెలిసిపోయింది. పొద్దున ఆమె బతిమాలి అడిగిన ధైర్యం ఆయనకు ఇప్పుడు వచ్చింది.

"అన్నా, వెనక్కెల్లిపో! వెనక్కి!"

ఆ అరుపు లారీ ఇంజను రొదలో కలిసిపోయింది. లారీ మీదున్న కుర్రాడొకడు స్కూటరు వైపు చెయ్యి చూపించి ఏదో అన్నాడు. ఆ చెయ్యి వైపు ఒక్కొక్క తలే తిరిగింది. లారీ దిగి, తెడ్లతో అటు నడవడం మొదలుపెట్టారు.

జనం ఎదురొస్తున్నారని చూసి దేవీప్రసాద్ స్కూటరు ఆపాడు. నీలిమ అందరికీ చెప్పి ఒప్పించిందనుకున్నాడు కాబోలు. మొహం విప్పారింది. నిఖితను కిందికి దించి, వాళ్ళ వైపు చెయ్యి ఊపమన్నాడు.